స్పానిష్‌లో ఏడవాల్సిన పిల్ల

మా పిల్ల ఏడుపులో తెలుగు యాస ఉందని మొదట కనిపెట్టింది ఇందుమతి మేడం.

అప్పటిదాకా నాకు ఆ ఏడుపులో ఆకలో, నిద్రో, కడుపునొప్పో మాత్రమే వినపడేవి. పిల్ల పేరు హన్విక. మేం హన్ను అంటాం. పదకొండో నెల. నిద్రలో కాసేపు కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. పక్కింటి పిల్లకు పళ్లొస్తే మా పిల్లకెందుకు రాలేదని, మా పిల్లకొస్తే మరీ ఇంత తొందరగా ఎందుకొచ్చాయని బెంగపడేదాన్ని. అంత బెంగలోనూ యాస సంగతి తట్టనేలేదు. పెద్ద ఉద్యోగస్తులు ఉండేది ఇందుకేనేమో, మనకు తట్టని బెంగలు మనకు అందజేయడానికి.

మా ఆయన ఓదెలు, జిల్లా కేంద్రంలోని విశ్వకళా మందిరంలో లైట్ల పని చేస్తాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా డైరెక్టర్ గారు సంతకం పెడితే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ మందిరాన్ని నడిపేది రాష్ట్ర విశ్వరంగస్థల సమన్వయ సంస్థ. ప్రపంచంలో ఎక్కడెక్కడి నాటకాలనో మా జిల్లాకు రప్పించి, మా జిల్లావాళ్లకు అర్థం కాకుండా చూపించడం ఈ సంస్థ పని.

పోయినేడు ఏదో జపాను నాటకం వచ్చినప్పుడు మైకు పట్టుకున్నాయన మధ్యమధ్యలో తెలుగులో కథ చెప్పాడట. వేదిక మీద యుద్ధం జరుగుతుండగా టెంటు ఇచ్చిన వాళ్లకు ధన్యవాదాలు కూడా చెప్పాడట. వచ్చిన అతిథులు నొచ్చుకున్నారు. దాంతో డైరెక్టర్ సత్యవ్రత్ గారు ఒక నియమం తెచ్చారు. ఒకే వేదిక, ఒకే భాష. ఏ దేశం నాటకం నడుస్తుంటే మందిరం ఆవరణలో ఆ దేశం భాషే వినపడాలి. వేరే భాష గోడల మీద కనపడకూడదు, నోటి నుంచి రాకూడదు.

ఈసారి వచ్చింది స్పానిష్ ఒపెరా. కొత్తగా రాసిన విషాదమట, ఎప్పటి కాలం నాటి రాజుదో కథట. పేరు ‘రాజు అల్వారో’. కథేమిటని అడిగిన విలేకరులకు డైరెక్టర్ గారు ఇలా చెప్పారు: “ఇతివృత్తాన్ని తెలుగులో వెల్లడించడం నియమ విరుద్ధం. స్పానిష్‌లో వెల్లడించగల స్థితిలో ప్రస్తుతం నేను లేను. కాబట్టి ఇది మహత్తరమైన విషాదమని మాత్రం నమ్మకంగా చెప్పగలను.”

ఒపెరా అంటే ఏమిటో మా ఆయనే ఇంటికొచ్చి చెప్పాడు.

“మాటలుండయే. అన్ని పాటలే. తలుపు తియ్యమని చెప్పాలన్నా పాడుతడు.”

మా అత్తమ్మ కొమురవ్వ బియ్యం చెరుగుతూ తలెత్తింది. “గా పాటైనదాంక బయటనే నిలవడుతడా?”

“అవునే.”

“మరి లోపలున్నోడు?”

“వాడు సుత పాడుతడు. ఎవరది అని.”

“ఇద్దరికిద్దరు పని లేనోళ్లు” అని అత్తమ్మ మళ్లీ చేటలో తల పెట్టింది.

మందిరంలో బోర్డులన్నీ కాగితాలతో మూసేశారు. బాత్‌రూం ఎటో తెలియక వచ్చినవాళ్లు తిరుగుతూ ఉండేవారు. ఇందుమతి మేడం తప్ప ఉద్యోగులెవరికీ స్పానిష్ రాదు కాబట్టి చేతి సైగలతో ఆఫీసు నడిచేది; నియమం వివరించడానికి మాత్రం డైరెక్టర్ గారి ఎదుట తెలుగు చెల్లేది. ఒకరోజు మా ఆయన నిచ్చెన మీద ఉండగా కరెంటు కొట్టి “ఓ అవ్వో” అని అరిచాడు. కింద పడ్డందుకు సెలవిచ్చారు, అరిచినందుకు మెమో ఇచ్చారు. ఇకమీదట షాకు తగిలితే ఏమనాలో ఇందుమతి మేడం ఒక స్పానిష్ మాట నేర్పారు. మా ఆయన ఇంట్లో దాన్ని సాధన చేసేవాడు. షాకు కొట్టినప్పుడు మాత్రం గుర్తుకు రావడం లేదని బాధపడేవాడు.

ఇందుమతి మేడం భాషా పరిశుద్ధతాధికారి. ఫోన్‌లో స్పానిష్ నేర్చుకున్నారు. సంస్థలో ఆ భాష వచ్చిన మనిషి ఆవిడొక్కతే కాబట్టి, ఆవిడకు ఎంత వచ్చో చెప్పగల మనిషి ఎవరూ లేరు.

ఇక మా పిల్ల సంగతి.

పాడేవాళ్లు, వాయించేవాళ్లు అంతా స్పెయిన్ నుంచే దిగుతారు. ఆతిథ్య పక్షం సమకూర్చవలసినవంటూ ఒప్పందంలో రాసుకున్నవి మాత్రం మనవాళ్లు చూడాలి. విద్యుత్తు, తాగునీరు, శిశువు ఒకటి. కథలో రాజుగారికి ఒక పసికందు ఉంటాడట. అంత దూరం నుంచి పసిపిల్లను విమానంలో తేవడం వాళ్లకు ఇష్టం లేదట. అది వాళ్ల మంచితనం.

డైరెక్టర్ గారు మా ఆయన్ని పిలిచారు.

“ఓదెలూ, నీ గృహమందు ఒక శిశువు కలదని తెలిసింది.”

“ఉన్నది సార్. ఆడివిల్ల.”

“పాత్ర యువరాజుది. అయినప్పటికీ ఆ వయసులో వ్యత్యాసం దుస్తుల చేత కప్పివేయదగినదే. సంస్థ సిబ్బంది సంతానం గనుక వేరే సేకరణ అవసరం ఉండదు. ఈ నెలాఖరున నీ కాంట్రాక్టు నా టేబుల్ మీదికి వస్తుంది కదా?”

“వస్తది సార్.”

“మంచిది.”

అలా మా పిల్ల కళాకారిణి అయింది.

మర్నాడు పరీక్ష. నేను హన్నును ఎత్తుకుని వెళ్లాను. మొదటి అంకంలో యువరాజు పుట్టి ఏడవాలి. హన్ను డైరెక్టర్ గారి మీసాలను ఒకసారి చూసి, ఎవరూ అడగకుండానే ఏడుపు ఎత్తుకుంది. మందిరమంతా మోగిపోయింది. డైరెక్టర్ గారు సంతృప్తిగా తలూపారు. ఇందుమతి మేడం మాత్రం కళ్లు మూసుకుని విని, నిట్టూర్చారు.

“సార్, ఈ ఏడుపు స్పానిష్ కాదు.”

“నిశ్చయమేనా?”

“చివర్లో సాగదీత గమనించండి. శుద్ధ తెలుగు. అందులోనూ మన జిల్లా యాస.”

నేను భయపడిపోయాను. “మేడం, ఇంకా మాటలే రాలేదు మేడం. బబ్బబ్బ, తాత్తాత్త అంటదంతే.”

“చూశారా, తాత అంటోంది.” మేడం నా వైపు జాలిగా చూశారు. “అమ్మా, ఇంట్లో పాపతో ఏ భాషలో మాట్లాడతారు?”

“మాకొచ్చిందే మాట్లాడుతం మేడం.”

“అదే కాలుష్య మూలం.”

డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. పెద్ద నిర్ణయాలు ఆయన నిలబడే తీసుకుంటారట. “ఒప్పందంలో నూటికి నూరు పాళ్లు స్పానిష్ అని ఉంది. ఏడుపునకు మినహాయింపు లేదు. ప్రదర్శనకు ఇంకా నెల గడువుంది. ఈలోగా శిశువు చెవిన తెలుగు పడరాదు. ఉన్న తెలుగు క్రమేణా హరించుకుపోతుంది. ఆ స్థానాన్ని స్పానిష్ ఆక్రమిస్తుంది.”

“మాకు స్పానిష్ రాదు సార్” అన్నాను.

“సంస్థ ఎవరినీ బలవంతపెట్టదు తల్లీ. స్పానిష్‌లో మాట్లాడే స్వేచ్ఛ మీకున్నది. లేనిపక్షంలో మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛా ఉన్నది.”

హన్ను నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదని తేలాక నాకూ ఒక వేషం ఇచ్చారు. యువరాజును పెంచే దాది. మూడు అంకాల్లోనూ ఒక్క మాట లేదు. “మీ అర్హతలకు సరిగ్గా సరిపోయింది” అన్నారు ఇందుమతి మేడం. తొమ్మిదో తరగతిలో చదువు మానేశానని ముందే అడిగి తెలుసుకున్నారు మరి.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది.

“పసిపోరితోని మాట్లాడద్దా? మరెవ్వలితోని మాట్లాడాలె, గోడతోనా?”

“గోడతోని సుత వద్దంటున్నరే. ఇంట్ల తెలుగు ఇనవడద్దట” అన్నాడు మా ఆయన.

“నీ సారుకు పిల్లలున్నరారా?”

“ఇద్దరట. హాస్టల్ల ఉంటరట.”

“అనుకున్న” అంది అత్తమ్మ.

ఆ రాత్రి ఓదెలు నన్ను బతిమాలాడు. “ఒక్క నెల ఓర్చుకోరాదే స్వరూపా. సంతకం వడ్డంక నువ్వు రోజంత మాట్లాడు, నేనొద్దంటనా? ఉద్యోగం వోతే పిల్లకు పాలేడికెళ్లి తెస్త?”

పాల మాట ఎత్తాక తలూపాను.

మొదటి రోజులు ఆటలాగే గడిచాయి. అత్తమ్మకు నోరు ఆగదు. అందుకని మూతికి గుడ్డ కట్టుకుంది. మాట పొంగుకొస్తే చెప్పులేసుకుని గల్లీ చివరికి పరుగెత్తి, అక్కడ ఎవరు దొరికితే వాళ్లతో మాట్లాడి, ఖాళీ అయ్యాక తిరిగొచ్చేది. నేను హన్నుకు నీళ్లు పోస్తూ పెదాలు బిగబట్టుకునేదాన్ని. టీవీ మూగదైంది. కూరగాయల బండి మా వాకిట్లోకి వస్తే చేతులడ్డం పెట్టి పంపేసేవాళ్లం.

ఇందుమతి మేడం పొద్దున్నే స్కూటీ మీద వచ్చి, హన్ను ముందు కుర్చీ వేసుకుని, ఫోన్ చూస్తూ “బ్వెనోస్ దియాస్” అని శుభోదయం చెప్పేవారు. హన్ను నోరు తెరిచి ఆవిడ చెవిదుద్దుల వైపు చూసేది. ఏ జవాబూ రాకపోతే మేడం “గ్రహిస్తోంది” అని చెప్పి వెళ్లిపోయేవారు.

మొదట్లో పిల్ల మమ్మల్ని ఎక్కువగా పిలిచింది. బబ్బబ్బ అని నా మొహంలోకి చూసి ఆగేది. నేనేమీ అనకపోతే ఇంకొంచెం గట్టిగా అనేది. అత్తమ్మ దగ్గరికి పాకి మూతిగుడ్డ లాగేది. వాళ్ల నాన్న రాగానే చేతులు రెండూ ఎత్తి తాత్తాత్త అని పెద్ద కథ చెప్పేది. ఓదెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాడు.

తరవాత తగ్గించింది. ఒక్కోసారి ఒక్క బబ్బ అని, మా మొహాలు చూసి, దాన్నీ మింగేసేది. ఆ తరవాత అదీ లేదు. వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యానును చూస్తూ ఉండేది. ఏడుపు కూడా తగ్గిపోయింది. ఆకలేస్తే చెయ్యి నోట్లో పెట్టుకునేది, అంతే.

ఒకరోజు వెనకగా వెళ్లి పళ్లెం కింద పడేశాను, చెవులు పోయాయేమోనని. ఉలిక్కిపడింది. చెవులు బాగానే ఉన్నాయి. వినడానికి ఇంట్లో ఏమీ లేదు, అంతే.

ఇందుమతి మేడంను గల్లీ చివర ఆపి చెప్పాను. “మేడం, పిల్ల అస్సలు సప్పుడు జేస్తలేదు. నాకు భయమైతాంది.”

మేడం మొహం వెలిగిపోయింది. “తెలుగు పూర్తిగా పోయిందన్నమాట! మొదటి దశ విజయవంతం.”

“స్పానిష్ సుత వస్తలేదు మేడం.”

“అది రెండో దశ.”

డైరెక్టర్ గారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు. దేశంలో మొట్టమొదటి తెలుగురహిత శిశువును తమ సంస్థ సాధించిందని. దాన్ని తెలుగులోనే ఇవ్వాల్సి వచ్చినందుకు చింతిస్తున్నట్టు కింద ఒక వాక్యం కూడా ఉంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు స్పెయిన్ వాళ్లు దిగారు. ఒపెరా రాసింది, ఆడిస్తున్నది ఒక పెద్దావిడ. ఇనేస్ అట పేరు. తెల్లజుట్టు, చేతికర్ర, మెడలో కళ్లద్దాలు. రాజు వేషం వేసే గాయకుడు తలుపులో పట్టనంత మనిషి, ఎర్రటి పెట్టుడు గడ్డం.

ఇనేస్ గారు నాకు నా పని చూపించాలి. ఆవిడకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. అందుకని కథంతా తనే ఆడి చూపించింది. నెత్తిమీద చేత్తో కిరీటం చుట్టింది, రాజు. చేతులు ఉయ్యాల ఊపింది, బిడ్డ. నన్ను తాకింది, దాది. తరవాత రాజై, నా పెదాల మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. దూరంగా ఎత్తుగా చూపించింది, కోట బురుజు. బిడ్డను, దాదిని అందులో పెట్టి తలుపు మూసింది. మళ్లీ రాజై, బిడ్డ నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. వేళ్లతో లెక్కలు కట్టింది, ఏదో తెలుసుకోవాలన్న ఆత్రంతో. ఎవరూ ఏ భాషా నేర్పని బిడ్డ తనంతట తాను ఏం మాట్లాడతాడో వినాలని రాజుకు పిచ్చి. రోజులు గడిచాయి. మళ్లీ చెవి పెట్టింది. ఏమీ లేదు. చివరికి ఇనేస్ గారి చేతుల్లోని లేని బిడ్డ తల మెల్లగా పక్కకు వాలిపోయింది. రాజు అప్పుడు పాడటం మొదలుపెట్టాడు. బిడ్డకు వినపడదు. రాజు గుండె పట్టుకుని కూలిపోయాడు.

నేను హన్నును దగ్గరికి అదుముకున్నాను. ఒక్క మాట తెలియకుండానే అంతా తెలిసిపోయింది.

ఇనేస్ గారు లేచి, నా చంకలో ఉన్న హన్ను గడ్డం పట్టుకుని నవ్వించబోయింది. హన్ను ఆవిడ భుజం మీదుగా లైటును చూస్తోంది. ఆవిడ చిటికె వేసింది. మళ్లీ వేసింది. తరవాత డైరెక్టర్ గారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

డైరెక్టర్ గారు రొమ్ము విరుచుకుని ఇంగ్లీషులో చెప్పారు, నెల రోజుల శిక్షణ అని, ఇంట్లో ఒక్క మాట కూడా లేదని.

ఇనేస్ గారి మొహం పాలిపోయింది. ఇంగ్లీషు వదిలేసి, కర్ర నేలకేసి కొట్టి స్పానిష్‌లో చాలాసేపు మాట్లాడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజు గడ్డం పీక్కుని పక్కకు నిలబడ్డాడు.

“ఏమంటున్నారు?” అన్నారు డైరెక్టర్ గారు.

ఇందుమతి మేడం కాసేపు ఆలోచించారు. “చాలా సంతోషంగా ఉందంటున్నారు సార్.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదారిలో ఓదెలుతో గొడవ పడ్డాను. ఆటోలో కాబట్టి పిల్ల వినకుండా సైగలతోనే పడ్డాను. సైగలతో గొడవ ఎంత పడ్డా కడుపు నిండదు. ఇంటి ముందు దిగాక పిల్లను అత్తమ్మకిచ్చి, గల్లీ చివరికి లాక్కుపోయాను.

“గా రాజు బిడ్డ సస్తడయ్యా. మాట లేక సస్తడు. మనం జేస్తున్నది గదే.”

“కథనే అది. పిల్లకేం కాదు.”

“నిన్న నీకెదురొచ్చిందా? చేతులెత్తిందా?”

ఓదెలు చెప్పు కొనతో మట్టి గీకాడు. “ఎల్లుండితోని అయిపోతదే. సంతకం పెడుతడు” అన్నాడు. గొంతు మాత్రం వేరేలా ఉంది.

ప్రదర్శన రోజు మందిరం నిండిపోయింది. ఆఫీసుల నుంచి మనుషుల్ని పంపారు. నవ్వడం, దగ్గడం, చప్పట్లు కొట్టడం ఏ భాషకూ చెందవు గనుక అనుమతించారు. మాట్లాడటానికి మాత్రం అనుమతి లేదు. అత్తమ్మ మూడో వరసలో మూతిగుడ్డతో కూర్చుంది. ఓదెలు పైన లైట్ల దగ్గర.

మొదటి అంకంలో యువరాజు ఏడవలేదు. ఎంతసేపు చూసినా ఏడవలేదు. వాయిద్యాలవాళ్లే ఆ చోట ఏదో తీగను గీరి ఏడిపించారు. ఇందుమతి మేడం పక్కనుంచి తృప్తిగా చెయ్యి ఊపారు. ఆ ఏడుపులో దోషం లేదు మరి.

మూడో అంకం. బురుజు. రాతి ఉయ్యాల ముందు మోకాళ్ల మీద నేను, ఒళ్లో హన్ను. రాజు వచ్చి, బిడ్డ నోటి దగ్గర చెవి పెట్టి, ఒక్క మాట కోసం పాడుతున్నాడు. ఏం గొంతు! ఆ మనిషి నా పక్కన పాడుతుంటే నా పక్కటెముకలు అదిరాయి. నేను బిడ్డ తలను మెల్లగా వాల్చాలి, ఉయ్యాలలో పడుకోబెట్టాలి, పక్కకు తిరగాలి. అది చూసి రాజు చచ్చిపోవాలి.

నేను వాల్చకముందే హన్ను తల వాల్చేసింది. చేతులు వదిలేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ ఏమీ అడగడం లేదు. అంత బాగా చేస్తోంది. మందిరంలో ఎవరో వెక్కారు. నాకు మాత్రం ప్రాణం పోయింది. ఎందుకంటే ఆ వేదిక మీద నటించనిది అదొక్కతే.

“ఏందే హన్నూ, గా లైటును గట్ల జూస్తున్నవ్?” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. రాజు పాట మధ్యలో ఊపిరి తప్పాడు.

“ఆ లైటు ఎనక మీ బాపున్నడే. నిన్ను జూసుకుంట తప్పు రంగు ఏస్తున్నడు సూడు. మన గల్లీల మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నీకు సూపియ్యనే లేదు. మీ నాయినమ్మ గా మూతిగుడ్డతోని బజారుకు వోతే కుక్కలు ఎంటవడ్డయట. పొద్దుగాల పప్పన్నం తినవైతివి, ఉప్పెక్కువైందానే? చెప్పవేందే. ఒక్క మాటనరాదే నా తల్లి. తిట్టన్న తిట్టరాదే నన్ను.”

వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇక నాకు ఆపడం చేతకాలేదు. నెల రోజుల మాటలు. ఆకాశం గురించి, అన్నం గురించి, అది పుట్టిన రోజున కురిసిన వాన గురించి. పక్కనుంచి ఇందుమతి మేడం రెండు చేతులతో గొంతు కోస్తున్నట్టు సైగలు చేస్తున్నారు.

పైనుంచి ఓదెలు గొంతు పడింది. “హన్నూ! ఓ హన్నూ! ఇటు జూడే!” లైటు మా మీది నుంచి జారి జనం మీదికి పోయింది. ఆ వెలుతురులో మూడో వరసలో అత్తమ్మ లేచి నిలబడి, మూతిగుడ్డ పీకి పారేసింది. “నేనీడున్ననే నా బంగారీ! సచ్చినోల్లు మన నోర్లు కట్టేసిన్రే!”

హన్ను నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. మూసి ఉండే తలుపు ఎందుకు తెరిచారో తెలియనట్టు చూసింది. పెదవి వణికింది. ముందు ఏడుపొచ్చింది, చిన్నగా, తరవాత మందిరం కప్పు లేచిపోయేంత. ఆ ఏడుపంతా అయ్యాక, ముక్కు ఎగబీలుస్తూ, వేలెత్తి నన్ను బెదిరిస్తున్నట్టు ఏదో పొడుగ్గా అంది. ఒక తిట్టంత పొడుగు. తరవాత పక్కనున్న రాజుగారి గడ్డం పట్టుకుని లాగింది.

గడ్డం ఊడి చేతికొచ్చింది. రాజు చచ్చిపోవాల్సిన సమయం దాటిపోయింది. ఆయన నేలమీద కూర్చుని, బోడి గడ్డంతో, హన్నుతో స్పానిష్‌లో ఏదో మెల్లగా అన్నాడు. హన్ను ఏదో అంది. ఆయన మళ్లీ అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. ఇనేస్ గారు తెర పక్క నుంచి కర్ర కూడా లేకుండా వచ్చి నా నెత్తిమీద ముద్దు పెట్టింది. తెర ఎవరు వేశారో తెలియదు.

వెనక గదిలో డైరెక్టర్ గారు నిలబడే ఉన్నారు.

“అమ్మా, నీవు చేసినదేమిటో నీకు తెలుసునా? ఒప్పందంలో విషాదం అని స్పష్టంగా ఉన్నది. మూడో అంకంలో ఆ శిశువు మరణించవలసి ఉన్నది. రాజు అనంతరం మరణించవలసి ఉన్నది. ఒకే రోజు ఇద్దరు బతికారు. అసలు ఆ శిశువును బతికించే అధికారం నీకెవరిచ్చారు?”

“నేనే కన్న సార్” అన్నాను.

“అది వేరే విభాగం” అన్నారు.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు డైరెక్టర్ గారు. సభ్యులు ఇందుమతి మేడం, యూనివర్సిటీలో రిటైరైన భాషాశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన, అకౌంట్స్ ఆఫీసరు రామలింగం గారు. సంఘం తేల్చేదాకా ఓదెలు కాంట్రాక్టు ఫైలును కదపవద్దని ఆదేశం. ఉన్నదీ పోలేదు, కొత్తదీ రాలేదు.

నేను మాట్లాడింది తెలుగని అందరూ ఒప్పుకున్నారు. అందులో తగువు లేదు. తేలనిది పిల్ల మాట. అది తెలుగైతే శిక్షణ విఫలమైనట్టు, డైరెక్టర్ గారు ఒప్పందం తప్పినట్టు. స్పానిషైతే శిక్షణ సఫలమైనట్టు, ఎవరిదీ తప్పు లేనట్టు. రికార్డింగ్ వేసి విన్నారు. అందులో అత్తమ్మ గొంతు తప్ప ఏదీ సరిగా లేదు. అందుకని పిల్లను హాజరుపరచమన్నారు.

పెద్ద బల్ల మీద దుప్పటి పరిచి హన్నును కూర్చోబెట్టాను. నలుగురు చుట్టూ కూర్చున్నారు.

“మాట్లాడు” అన్నారు డైరెక్టర్ గారు.

హన్ను ఆయన పేపర్‌వెయిట్ నోట్లో పెట్టుకోబోయింది. నేను లాక్కున్నాను.

“సార్, ఊకె మాట్లాడదు సార్” అన్నాను. “మనం ఏమన్న అంటే అది అంటది.”

“మనం అనగా?”

“మీరే సార్.”

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, “బ్బ” అన్నారు.

హన్ను ఆయన వైపు తిరిగింది. “బ్బబ్బ.”

“ఇది ద్విరుక్తం” అన్నారు ప్రొఫెసర్ గారు, ఉలిక్కిపడి.

“బ్బ కాదండీ, బ్బు అంది. నేను విన్నాను” అన్నారు రామలింగం గారు. “పాపా, బ్బు. బ్బు అను.”

“బ్బు” అంది హన్ను, ఆయన కళ్లజోడు అందుకుంటూ.

“చెప్పానా!” రామలింగం గారు కళ్లజోడు వదిలేసి చప్పట్లు కొట్టారు.

ఇందుమతి మేడం ఊరుకోలేదు. “సార్, పెదవులు ఇలా ఉండాలి, చూడండి. వ్వ. వ్వ. పాపా, వ్వా.” హన్ను ఆవిడ పెదాలు పట్టుకుని పకపకా నవ్వింది. మేడం కూడా నవ్వి, వెంటనే సర్దుకుని, మళ్లీ నవ్వారు.

“నిశ్శబ్దం!” అన్నారు డైరెక్టర్ గారు. హన్ను ఆ మీసాల వైపు చూసింది. మొదటిరోజు లాగే ఏడుపు ఎత్తుకోబోతుందని నేను చేతులు చాచాను. అంతలో డైరెక్టర్ గారు బల్ల మీదికి వంగి, ఎవరూ వినకూడదన్నంత మెల్లగా, “తాత్తాత్తా” అన్నారు.

ఆ తరవాత నన్ను ఎవరూ పట్టించుకోలేదు. సాక్షి బయట ఉండాలని గుర్తొచ్చి పంపేశారు. తలుపు ఓరగా తీసే ఉంచి, సందులోంచి చూస్తూ వరండాలో నిలబడ్డాను. భోజనాల వేళ దాటింది. లోపల నుంచి బ్బ, వ్వ, తాత్త, ఒకరి మీద ఒకరు, మధ్యలో మా పిల్ల గొంతు అందరినీ దబాయిస్తూ. ఓదెలు టీ పట్టుకొచ్చి, ఆ చప్పుడు విని, గ్లాసు చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

“ఏమైతాందే లోపల?”

“నీ ఉద్యోగం సంగతి తేలుస్తున్నరు” అన్నాను.

ఆ రోజు తేలలేదు. వచ్చే వారానికి వాయిదా వేశారు. అప్పుడూ తేలలేదు. ప్రతి వాయిదాకూ పిల్లను తప్పక తీసుకురావాలని ఆదేశం. ఒకసారి జలుబు చేసి తీసుకెళ్లకపోతే డైరెక్టర్ గారే ఇంటికి ఫోన్ చేసి, విచారణకు అంతరాయం కలుగుతోందని కోప్పడి, జ్వరం ఉందా అని రెండుసార్లు అడిగారు. మా అత్తమ్మ ఈ సంఘాన్ని రద్దు చేయించమంటుంది. నేను ఒప్పుకోవడం లేదు. అంతమంది పెద్దసార్లు ఒక ఆడపిల్ల ఏమంటుందోనని చెవులొగ్గి కూర్చోవడం మా జిల్లాలో రోజూ జరిగే పని కాదు.